వెయ్యి కిలోబాట్ల గుంపులో ఒక్క తప్పుడు అంకె: గ్రేడియంట్ అల్గారిథమ్ కేస్ స్టడీ

గుంపు రోబోల పనిలోకి దిగినవాళ్లు ముందుగా రాసే ప్రోగ్రాం గ్రేడియంట్. పట్టుమని పది లైన్లు ఉండదు. మూల రోబో ‘నా విలువ 0’ అని చెబుతూ ఉంటుంది. మిగతా ప్రతి రోబో తన చుట్టుపక్కల నుంచి వినిపించిన విలువల్లో అతి చిన్నదాన్ని తీసుకుని, ఒకటి కలిపి, దాన్నే తన విలువగా చాటుతుంది. కాసేపట్లో గుంపులో ప్రతి రోబోకూ తాను మూలానికి ఎన్ని అంచెల దూరంలో ఉందో తెలిసిపోతుంది. మ్యాప్ లేదు, నాయకుడు లేడు, పైనుంచి చూసి చెప్పేవాళ్లు లేరు. కాగితం మీద రుజువు కూడా సులువే.

ఇదే అల్గారిథమ్‌ను హార్వర్డ్‌లో మెల్విన్ గౌచీ, రాధికా నాగ్‌పాల్ తదితరులు కిలోబాట్లనే 1000 చిన్న రోబోల మీద నడిపి 2017లో ఫలితం ప్రచురించారు. ఒక్క రోబో క్షణకాలం చేసిన పొరపాటు గుంపంతా పాకి, ఆ రోబో సర్దుకున్నాక కూడా చాలాసేపు వదలకపోవడం వాళ్లు చూశారు. ఈ పొరపాట్లు అరుదైనవి. పది రోబోల ముందు గంటసేపు కూర్చున్నా ఒకటీ కనబడకపోవచ్చు. వెయ్యిటితో మాత్రం అల్గారిథమ్ పనికిరాకుండా పోయేంత తరచుగా వస్తాయి. అది ఎందుకలా అవుతుందో, దేనితో ఎంతవరకు ఆపవచ్చో అంకెలతో చూద్దాం.

యంత్రం

కిలోబాట్ 33 మిల్లీమీటర్ల అడ్డం, 34 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మైకేల్ రూబెన్‌స్టీన్, క్రిస్టియన్ ఆలర్, నాగ్‌పాల్ 2012లో దీని డిజైన్ ప్రచురించినప్పుడు ఒక్కోదానికి విడిభాగాల ఖర్చు 14 డాలర్లు, బిగించే సమయం 5 నిమిషాలు. లోపల ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్, 8 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ర్యామ్ 2 కిలోబైట్లు. చక్రాలు లేవు. మూడు సన్నటి గట్టి కాళ్లు, పాత పేజర్లలో ఉండే రకం వైబ్రేషన్ మోటార్లు రెండు. ఒక మోటార్ అదిరితే రోబో ఒక పక్కకు తిరుగుతుంది, రెండూ అదిరితే ముందుకు జరుగుతుంది. వేగం సెకనుకు సుమారు ఒక సెంటీమీటర్. మోటార్లు ఒక్కోటి ఒక్కో రకంగా అదురుతాయి కాబట్టి ప్రతి రోబోకూ ఎడమ, కుడి, నేరుగా అనే మూడింటికీ విడివిడిగా క్యాలిబ్రేషన్ విలువలు పెట్టి, కరెంట్ పోయినా చెరగని మెమరీలో (ఈఈప్రామ్) దాచాలి. ఈ చాకిరీ ఎగ్గొడితే ‘నేరుగా పో’ అన్న రోబో గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటుంది.

మాట్లాడుకోవడం ఇన్‌ఫ్రారెడ్‌తో. ఎల్‌ఈడీ, రిసీవర్ రెండూ కిందికే చూస్తుంటాయి. వెలుతురు టేబుల్ మీద పడి పరావర్తనమై పక్క రోబోకు చేరుతుంది. అందుకే టేబుల్ నున్నగా, ఒకే తీరుగా ఉండాలి, వైట్‌బోర్డు రకం ఉపరితలమైతే మంచిది. మాట చేరే దూరం దాదాపు 10 సెంటీమీటర్లు. వచ్చిన వెలుతురు బలాన్ని బట్టి దూరం అంచనా కడుతుంది. ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. కిలోలిబ్ లైబ్రరీలో ఒక్కో మెసేజ్‌కు 9 బైట్ల సమాచారం, ఒక బైట్ రకం, 2 బైట్ల సీఆర్‌సీ, అంటే మెసేజ్ దారిలో చెడిందో లేదో పట్టుకునే తనిఖీ సంఖ్య. మామూలు సెట్టింగ్‌లో సెకనుకు రెండు మెసేజ్‌లు వెళ్తాయి. అందరూ ఒకే వెలుతురు దారిలో మాట్లాడతారు కాబట్టి ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే రెండు మాటలూ పోతాయి. చేపల మార్కెట్ అనుకోండి.

1024 రోబోలు తమంతట తామే ఇచ్చిన బొమ్మ ఆకారంలో పేర్చుకున్న ప్రయోగం, 2014 ఆగస్టులో సైన్స్ పత్రికలో వచ్చినది, ఈ యంత్రంతోనే జరిగింది. అందరిలోనూ ఒకే ప్రోగ్రాం, ఒకే బొమ్మ. నాలుగు విత్తన రోబోలను గుంపు అంచున చేత్తో పెట్టారు, గ్రేడియంట్ వాటి దగ్గరే పుడుతుంది. మిగతావి వెలుపలి అంచు నుంచి ఒక్కొక్కటిగా కదిలి, గుంపు చుట్టూ పాకుతూ వచ్చి, బొమ్మ లోపల తమకు చోటు దొరికిన దగ్గర ఆగుతాయి. నక్షత్రచేప ఆకారం రావడానికి దాదాపు 12 గంటలు పట్టింది. ఎవరు ముందు కదలాలో నిర్ణయించేది గ్రేడియంటే: పక్కవాళ్లలో నాకంటే పెద్ద విలువ ఎవరికీ లేకపోతే నేను చివర ఉన్నట్టు, వంతు నాది. సమానంగా ఉంటే ఐడీ చూసుకుంటాయి. ఎక్కడ ఆగాలన్నదానిలోనూ గ్రేడియంట్‌కు పాత్ర ఉంది. అంటే ఇక్కడ అంకె తప్పితే ఏదో డిస్‌ప్లేలో తప్పు కనిపించడం కాదు, కదలకూడని రోబో కదులుతుంది.

20 ఉండాల్సిన చోట 3

మూలానికి 20 అంచెల దూరంలో ఒక రోబో ఉందనుకుందాం, పేరు ‘ప’. ఒకే ఒక్క మెసేజ్‌లో దాని విలువ 20కి బదులు 3 అని వెళ్లింది. పక్కవాళ్లు కనిష్ఠాన్ని తీసుకునేవాళ్లు కదా, వెంటనే 4 అయ్యారు. వాళ్ల పక్కవాళ్లు 5, ఆ తర్వాతి వాళ్లు 6.

ఇది ఎంత దూరం పోతుంది? మూలం వైపు వెళ్తే అసలు విలువలు తగ్గుతూ వస్తాయి: 19, 18, 17. తప్పుడు విలువలు పెరుగుతూ పోతాయి: 4, 5, 6. రెండూ ఎదురుపడేది ఎనిమిదో అంచె దాటాక, 11 దగ్గర. అక్కడ అల ఆగిపోతుంది. అటువైపు, అంటే మూలానికి దూరంగా ఉన్న వైపు, ఆగదు. అక్కడ అసలు విలువలు 21, 22, 23 అని పెరుగుతాయి, తప్పుడువి 4, 5, 6 అని పెరుగుతాయి. తేడా ఎప్పుడూ 17. ఏ అంచెలో చూసినా తప్పుదే తక్కువ. కాబట్టి గుంపు చివరి రోబో దాకా పోతుంది.

మధ్యలో పుట్టేది ఇంకా ప్రమాదం. మూలం నుంచి విలువలు 0, 1, 2 అంటూ 11 దాకా ఎక్కి, అక్కడి నుంచి మళ్లీ ‘ప’ వైపు 3 దాకా దిగుతాయి. గుంపు నడిబొడ్డున ఒక గట్టు లేచింది. గట్టు మీదున్న రోబోలకు చుట్టూ తమకంటే పెద్ద విలువ కనబడదు. ‘మేమే చివరివాళ్లం, కదులుదాం’ అనుకుంటాయి. నాలుగు వైపులా కిక్కిరిసిన చోట మోటార్లు ఆన్ చేస్తే పక్కవాటిని తోసేస్తాయి, వాటి దూరాల అంచనాలు చెడతాయి, దాని మీద ఆధారపడ్డ స్థానం లెక్క చెడుతుంది.

ఇప్పుడు ‘ప’ సర్దుకుంది. తన పక్కవాళ్ల విలువలు చూసి మళ్లీ లెక్కకట్టింది. పక్కవాళ్లందరూ 4 అంటున్నారు, కాబట్టి ‘ప’ 5 అయింది. 20 కాలేదు. ఆ 4లన్నీ ‘ప’ చెప్పిన అబద్ధం నుంచే పుట్టినవని తెలుసుకునే దారి దానికి లేదు. ఊళ్లో తాను పుట్టించిన పుకారు నలుగురి నోటా తిరిగి తన చెవినే పడితే ‘అయితే నిజమేనన్నమాట’ అనుకున్నట్టు. పక్కవాళ్లు ‘ప’ 5 అన్నది విని 6 అవుతారు, లేదా తమలో తాము ఒకరి 4 చూసి ఇంకొకరు 5 అవుతారు. ఆ ప్రాంతపు కనిష్ఠం విడతకు ఒకటి చొప్పున పాకుతుంది. 17 మెట్లు ఎక్కాలంటే 17 విడతలు.

విడత అంటే ఎంతసేపు? మెసేజ్ ప్రతి అర సెకనుకు వెళ్తుంది కాబట్టి అంతా సవ్యంగా వినిపిస్తే 17 విడతలకు ఎనిమిదిన్నర సెకన్లు. అయితే మెసేజ్‌లు పోతుంటాయి. అందుకని పక్క రోబో చివరగా చెప్పిన విలువను కొంతసేపు, 3 సెకన్లనుకుందాం, పట్టికలో ఉంచుకోవడం మామూలు. పాత చిన్న విలువ ఒక్క పట్టికలో మిగిలినా చాలు, ఆ చుట్టుపక్కలవాళ్లందరినీ కిందికి పట్టి ఉంచుతుంది. వేగం నిర్ణయించేది ఎప్పుడూ అందరికంటే నత్తనడక రోబోనే. ఆ లెక్కన 17 విడతలు 51 సెకన్ల దాకా సాగవచ్చు. అర సెకను తప్పుకు దాదాపు నిమిషం శిక్ష.

నెట్‌వర్క్ మనుషులకు ఇది పాత చుట్టమే. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో దారులు వెతికే రిప్ రౌటింగ్ ప్రోటోకాల్‌లో ‘అనంతం దాకా లెక్కపెట్టడం’ అనే జబ్బు ఇదే. అందుకే రిప్‌లో 16ను అనంతంగా పెట్టి, 15 అంచెలు దాటిన దారిని లేనట్టే చూస్తారు. ఆ కిటుకు ఇక్కడ పనిచేయదు. తప్పు చిన్న అంకె వైపు ఉంది, పైకప్పు వేస్తే ఉపయోగం లేదు.

ఆ 3 ఎక్కడి నుంచి వస్తుంది

‘సీఆర్‌సీ ఉంది కదా’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఉంది, ఒక బిట్ మారితే తప్పకుండా పట్టుకుంటుంది కూడా. దాని కన్నుగప్పేవి రెండు మెసేజ్‌లు ఢీకొని కలగాపులగమైన బిట్ల వరసలు. పూర్తిగా యాదృచ్ఛికమైన చెత్త 16 బిట్ల సీఆర్‌సీని దాటే అవకాశం 65,536లో ఒకటి. ఒక్క రోబోకు ఇది లేనట్టే. వెయ్యి రోబోలకు లెక్క వేయండి: సెకనుకు 2000 మెసేజ్‌లు, ఒక్కోదాన్ని ఆరు నుంచి పది మంది వింటారు, అంటే సెకనుకు 12,000 నుంచి 20,000 వినికిళ్లు. అందులో నూటికి ఒకటి ఢీకొని చెడిందనుకున్నా సెకనుకు 120 నుంచి 200 చెత్త మెసేజ్‌లు. అంటే సుమారు ఐదున్నర నుంచి తొమ్మిది నిమిషాలకు ఒకటి సీఆర్‌సీ దాటి లోపలికి వస్తుంది. 12 గంటల ప్రయోగంలో ఎనభై నుంచి నూట ముప్పై సార్లు. దాటినవన్నీ హాని చేయవు. విలువ పెద్దదిగా చెడితే కనిష్ఠం దాన్ని పట్టించుకోదు. చిన్నదిగా చెడినవే కొంప ముంచుతాయి.

ఢీకొనే రేటు మీ టేబుల్‌ను బట్టి, గుంపు ఎంత దగ్గరగా పేర్చారన్నదాన్ని బట్టి మారుతుంది. నూటికి ఒకటి అన్నది లెక్క కోసం పెట్టుకున్నదే. గుంపు పెరిగితే ఏమవుతుందన్నది మాత్రం ఆ అంకె మీద ఆధారపడదు. రోబోలు పదింతలై పదివేలయితే తప్పులు పదింతలు తరచుగా వస్తాయి, అంటే 33 నుంచి 55 సెకన్లకు ఒకటి. గుంపు అడ్డుకొలత మూడింతలకు పైగా పెరుగుతుంది, విలువలు ఆ మేరకు పెద్దవవుతాయి, కోలుకోవడానికి పట్టే సమయం రెండున్నర నిమిషాలు దాటుతుంది. ఒకటి తగ్గేలోపు ఇంకోటి వస్తుంది. గ్రేడియంట్ సరిగ్గా ఉన్న క్షణమంటూ ఉండదు.

సీఆర్‌సీకి అసలు కనబడని తప్పులు ఇంకో రకం. అవి దారిలో కాదు, ఇంట్లోనే పుడతాయి. గ్రేడియంట్ కోడ్‌లో అందరూ వేసే తప్పటడుగు ఒకటి చూడండి. సీ భాషలో విలువ పెట్టని గ్లోబల్ వేరియబుల్ 0తో మొదలవుతుంది. రన్ కమాండ్ రాగానే ప్రతి రోబో ‘నా విలువ 0’ అని అరుస్తుంది, గుంపంతా మూల రోబోలే. అది గమనించి మొదటి విలువను 255 చేస్తారు. ఇప్పుడు మూలానికి దూరంగా ఉన్న రోబోకు చుట్టూ 255లే వినబడతాయి. కనిష్ఠం 255, దానికి ఒకటి కలపాలి. ఎనిమిది బిట్ల వేరియబుల్‌లో 255కి ఒకటి కలిపితే 0. మళ్లీ దొంగ మూలం! దీనికి సీఆర్‌సీ నిక్షేపంగా సరైన ముద్ర వేసి పంపుతుంది. సరైన పద్ధతి: నిజమైన విలువ దొరికేదాకా నోరు మూసుకుని ఉండటం, అంటే మెసేజ్ పంపే ఫంక్షన్ ఖాళీ పాయింటర్ ఇవ్వడం. కలపడానికి ముందు పైహద్దు చూసుకోవడం కూడా.

ఇంకొకటి మెయిన్ లూప్‌కూ, మెసేజ్ రాగానే దాన్ని మధ్యలో ఆపి దూరే ఇంటరప్ట్‌కూ మధ్య పేచీ. పట్టికలో ఐడీ, విలువ, దూరం విడివిడిగా రాస్తుంటే మధ్యలో ఇంటరప్ట్ వచ్చి కొత్త మెసేజ్ పట్టికలో రాసిపోతుంది. ఒకరి ఐడీకి ఇంకొకరి విలువ అతుక్కుంటుంది. పట్టిక మార్చే ఆ రెండు మూడు లైన్లప్పుడు ఇంటరప్ట్ ఆపాలి. లేదంటే వచ్చిన మెసేజ్‌ను పూర్తిగా కాపీ చేసి, జెండా ఎత్తి, లూప్‌లోనే వాడుకోవాలి.

విరుగుళ్లు, వాటి దుష్ప్రభావాలు

అందరికీ ముందు తట్టేది పట్టికలో విలువ నిలిచే సమయాన్ని తగ్గించడం. 3 సెకన్ల బదులు 1 సెకను పెడితే కోలుకోవడం మూడింతలు వేగమవుతుంది. కానీ మెసేజ్‌లలో సగం పోతున్నాయనుకుంటే, 1 సెకనులో రావలసిన రెండూ పోయే అవకాశం నాలుగింట ఒకటి. 3 సెకన్లలో రావలసిన ఆరూ పోయే అవకాశం 64లో ఒకటి. సమయం మరీ తగ్గిస్తే రోబో తన సరైన పక్కవాణ్ని మరిచిపోయి ఊరికే పైకి కిందికి ఎగురుతుంటుంది. కాబట్టి ముందు టేబుల్ మీద ఎన్ని మెసేజ్‌లు పోతున్నాయో కొలిచి, ఆ తర్వాత అంకె పెట్టాలి.

రెండోది అనుమానం. పక్క రోబోల విలువలు సాధారణంగా ఒకటికి మించి తేడా ఉండవు. ఎవరైనా నా విలువకంటే రెండుకు మించి తక్కువ చెబితే వెంటనే నమ్మకుండా, అదే ఐడీ వరసగా రెండో మెసేజ్‌లోనూ అదే చెప్పేదాకా ఆగాలి. ఢీకొని పుట్టిన చెత్త రెండుసార్లు ఒకేలా రావడం జరగని పని. ఖర్చు అర సెకను ఆలస్యం, ఒక్కో పక్కవాడికి ఒక బైట్ జ్ఞాపకం. అన్నింట్లోకీ చవకైనదీ, ముందు పెట్టవలసినదీ ఇదే. అయితే తప్పు రోబో మెమరీలోనే ఉంటే అది ఎన్నిసార్లైనా ఒకే అబద్ధం చెబుతుంది, అప్పుడు ఈ కాపలా పనికిరాదు.

దానికి మూడోది: మెసేజ్‌లో ‘ఇది ఎన్నో అల’ అని చెప్పే అల సంఖ్యను చేర్చి, మూల రోబో దాన్ని కొన్ని సెకన్లకోసారి పెంచుతూ పోవడం. కొత్త అల వచ్చినప్పుడు పాత అల విలువలన్నీ చెల్లవు. 1994లో వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల కోసం వచ్చిన డీఎస్‌డీవీ రౌటింగ్ పద్ధతిలో వాడింది ఇలాంటి వరస సంఖ్యే. ఇప్పుడు తప్పు ఒక అల కాలమే బతుకుతుంది. మరి అల సంఖ్యే చెడితే? అది ఇంకా ఘోరం. 1980 అక్టోబర్ 27న ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అర్పానెట్ కొన్ని గంటలపాటు కుప్పకూలింది ఇందుకే. ఒక నోడ్ మెమరీలో బిట్లు జారి ఒకే స్టేటస్ మెసేజ్‌కు 44, 40, 8 అనే మూడు వరస సంఖ్యలు పుట్టాయి. గుండ్రంగా తిరిగే లెక్కలో మూడూ ఒకదానికంటే ఒకటి కొత్తవిగా కనబడి, నోడ్లన్నీ వాటినే తిప్పుతూ కూర్చున్నాయి. దారిలో చెక్‌సమ్ (సీఆర్‌సీ లాంటి తనిఖీ) ఉంది, మెమరీలో లేదు. అంచేత అల సంఖ్య ఒకటికి మించి ఎగిరితే ఒప్పుకోకూడదు, ఆ ఒకటి కూడా, మూలం మాట నేరుగా వినేవాళ్లు తప్ప, ఇద్దరు వేర్వేరు పక్కవాళ్లు చెప్పాకే.

జీవం నుంచి ఏది తెచ్చుకున్నాం, ఏది వదిలేశాం

ఈ అల్గారిథమ్‌కు ప్రేరణ మార్ఫోజెన్లు, అంటే పిండంలో కణాలకు చోటు తెలిపే రసాయనాలు. పండ్ల ఈగ పిండంలో బైకాయిడ్ ప్రోటీన్ తల వైపు పుట్టి వెనక్కి వ్యాపిస్తుంది. కణాలు దాని గాఢతను బట్టి తామెక్కడున్నామో తెలుసుకుంటాయి. మనం ఆ వాలును మాత్రమే తెచ్చుకున్నాం. అక్కడ ప్రోటీన్ వ్యాపిస్తూనే విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట పొరపాటున కాస్త ఎక్కువ పుట్టినా చుట్టూ పలచబడి, కాసేపట్లో కరిగిపోతుంది. కనిష్ఠం తీసుకోవడంలో పలచబడటమే లేదు. తొమ్మిది మంది నిజం చెప్పి ఒకడు అబద్ధం చెబితే ఆ ఒకడి మాటే చెల్లుతుంది.

సగటుతో లాభం ఉందని నాగ్‌పాల్, హోవర్డ్ ష్రోబ్, జోనథన్ బాక్రాక్ 2003లోనే సెన్సార్ నెట్‌వర్క్ స్థానాల లెక్కలో చూపారు. పక్కవాళ్ల అంచె విలువల సగటు తీసి నునుపు చేస్తే కచ్చితత్వం పెరుగుతుంది. మంచి ఫలితానికి ఒక్కో నోడ్‌కు సగటున 15 మంది పక్కవాళ్లు కావాలన్నది వాళ్లు తేల్చిన అంకె. అయితే ఆ నునుపు అంచె విలువ స్థిరపడ్డాక చేసేది. ఆ అంచె విలువలోనే 3 దూరితే సగటు దాన్ని కడిగేయలేదు.

ఈ పని చేసేవాళ్ల లోకం చిన్నదే. ఎంఐటీలో హాల్ ఏబెల్‌సన్, టామ్ నైట్, జెరాల్డ్ సస్‌మన్ నడిపిన అమార్ఫస్ కంప్యూటింగ్ (క్రమం లేకుండా చల్లిన చిన్న కంప్యూటర్ల గుంపుతో లెక్కకట్టడం) బృందం నుంచి నాగ్‌పాల్ వచ్చారు. బ్రస్సెల్స్‌లో మార్కో డోరిగో చుట్టూ పెరిగిన చీమల అల్గారిథమ్ వాళ్లు 1998 నుంచి యాంట్స్ సదస్సు నడుపుతున్నారు. కిలోబాట్ డిజైన్ అందరికీ తెరిచి పెట్టడం, స్విట్జర్లాండ్‌లోని కే-టీమ్ తయారుచేసి అమ్మడం వల్ల రెండు వైపులవాళ్లూ ఒకే యంత్రం మీద పోల్చుకోగలుగుతున్నారు. రోబోలు లేనివాళ్లు కిలోంబో సిమ్యులేటర్‌లో అదే సీ కోడ్ నడపవచ్చు. ఒక్క జాగ్రత్త: సిమ్యులేటర్‌లో మెసేజ్ పోవడం పెట్టుకోవచ్చు గానీ, తప్పుగా చేరడాన్ని మీరే రాసి కలపాలి. కలపకపోతే ఈ కేసులోని జబ్బు అక్కడ ఎప్పటికీ కనబడదు.

వంద రోబోలతో పరీక్ష

అరుదైన తప్పు కోసం కాచుకు కూర్చోవడం వృథా, చేజేతులా పుట్టించాలి. పదిపది వరసల్లో వంద రోబోలను పేర్చి ఒక మూలన మూల రోబో పెట్టండి. శరీరాల మధ్య సందు చిన్నగా ఉంచి, 5 సెంటీమీటర్ల లోపు వినిపించినవాళ్లనే పక్కవాళ్లుగా లెక్కించండి. లేకపోతే 10 సెంటీమీటర్ల మాట పక్క రోబోల మీదుగా దూకి, గుంపంతా కలిపి ఐదారు అంచెల్లో అయిపోతుంది, చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు. మూలానికి దూరంగా ఉన్న ఒక రోబోకు మాత్రం వేరే ప్రోగ్రాం ఎక్కించండి: రెండు నిమిషాలు మామూలుగా ఉండి, తర్వాత ఒకే ఒక్క మెసేజ్‌లో విలువ 1 అని పంపి, మళ్లీ మామూలు కావాలి. గది చీకటిగా, ఎండ పడకుండా ఉండాలి. పైన ఒక ఫోన్ కెమెరా చాలు.

విలువను రంగుగా చూపించేటప్పుడు చాలామంది చిన్న విలువకు నీలం, పెద్దదానికి ఎరుపు అని క్రమంగా మారుస్తారు. కిలోబాట్ ఎల్‌ఈడీలో ఒక్కో రంగుకు నాలుగు మెట్లే ఉంటాయి, పక్కపక్క విలువల తేడా కెమెరాకు అందదు. దానికంటే విలువను మూడుతో భాగించి శేషం 0 అయితే ఎరుపు, 1 అయితే ఆకుపచ్చ, 2 అయితే నీలం వెలిగించండి. అంతా బాగున్నప్పుడు మూలం నుంచి బయటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్న వరసలో పట్టీలు కనిపిస్తాయి. తప్పు పుట్టించాక ఆ వరస ఎక్కడ తిరగబడి ఎరుపు, నీలం, ఆకుపచ్చ అవుతుందో గట్టుకు అవతలి వైపు అదే. వీడియోలో ఫ్రేములు లెక్కపెడితే గట్టు లేచి, జరిగి, మాయమయ్యే సమయం తెలుస్తుంది. అనుమానం రూల్ ఒకసారి పెట్టి, ఒకసారి తీసేసి, ఒక్కోదానికి ఇరవైసార్లైనా నడపండి. బ్యాటరీ తగ్గుతున్న రోబోలను మధ్యలో మార్చండి. ఛార్జింగ్‌కు మూడు గంటలు పడుతుంది కాబట్టి పదో పదిహేనో అదనంగా ఛార్జ్ చేసి పక్కన పెట్టుకోవాలి.